ఊరూరా తిరిగిన రాజరికం



ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియం అనే పేరుమోసిన ప్రదర్శనశాల ఉంది. అక్కడ జానెడు ఎత్తున్న ఒక మట్టి దిమ్మ ఉంది. దానికి నాలుగు ముఖాలు. ఒక్కో ముఖం సుమారు తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు. ప్రతి ముఖం మీదా రెండేసి నిలువు వరుసల్లో మేకుల్లాంటి చిన్న చిన్న గుర్తులు కిక్కిరిసి ఉంటాయి. మట్టి పచ్చిగా ఉన్నప్పుడు రెల్లుపుల్ల కొసతో నొక్కిన గుర్తులవి. దిమ్మ నడిమధ్యన పైనుంచి కిందిదాకా ఒక బెజ్జం. అందులో కర్ర దూర్చి, దిమ్మను తిప్పుకుంటూ చదివేవారని పండితుల అభిప్రాయం.

ఈ దిమ్మ వయసు దాదాపు 3,800 ఏళ్లు. దక్షిణ ఇరాక్‌లో ఒకప్పుడు వెలిగిన లార్సా నగరం నుంచి వచ్చిందని చెబుతారు. 1923లో హెర్బర్ట్ వెల్డ్ బ్లండెల్ అనే ఆయన మ్యూజియానికి ఇచ్చాడు కాబట్టి ఆయన పేరే దీనికీ వచ్చింది. అదే ఏడాది స్టీఫెన్ లాంగ్డన్ అనే పండితుడు దీని పాఠాన్ని ప్రచురించాడు.

ఇంతకీ అందులో ఏముంది? రాజుల పేర్లు. ఎవరు ఏ ఊళ్లో ఎన్నేళ్లు ఏలారన్న లెక్క. ఆ దక్షిణ ఇరాక్ ప్రాంతపు పాత పేరు సుమేరు, అందుకే సుమేరు రాజుల జాబితా అంటారు దీన్ని. పూర్తిగానో ముక్కలుగానో ఇలాంటి ప్రతులు ఇంకా ఎన్నో దొరికాయి. 1939లో థోర్కిల్డ్ జాకబ్సన్ వాటిని పక్కపక్కన పెట్టి సరిచూసి ఒక పుస్తకం తెచ్చాడు. ఈ రాజుల గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఆ పుస్తకం దగ్గరికి వెళ్లాల్సిందే. ఇవాళ మనం కూడా ఆ జాబితా చెయ్యి పట్టుకుని నడుద్దాం.

జాబితా మొదలయ్యేది ఆకాశం నుంచి. రాజరికం ఆకాశం నుంచి దిగి ఎరిదు అనే నగరానికి వచ్చిందట. అక్కడ మొదటి రాజు అలులిమ్. అతను ఏలింది 28,800 ఏళ్లు. తర్వాత అలల్‌గర్, 36,000 ఏళ్లు. అక్కడి నుంచి రాజరికం బాద్‌తిబిరకు వెళ్లింది. అక్కడ ఎన్‌మెన్‌లుఅన అనే రాజు ఏకంగా 43,200 ఏళ్లు ఏలాడు. అదే ఊళ్లో గొర్రెల కాపరి దుముజి 36,000 ఏళ్లు. ఆ తర్వాత లారక్, సిప్పర్, షురుప్పక్. అయిదు నగరాలు, ఎనిమిది మంది రాజులు, మొత్తం 2,41,200 ఏళ్లు. అప్పుడు వచ్చింది జలప్రళయం. అన్నిటినీ తుడిచిపెట్టేసింది.

రామాయణం విన్న చెవులకు ఈ అంకెలు మరీ వింత కాదు. దశరథుడు తనకు అరవై వేల ఏళ్లు నిండాయని విశ్వామిత్రుడితో అంటాడు. కానీ సుమేరు అంకెల వెనక ఒక పద్ధతి ఉంది. వాళ్లు అరవైతో లెక్కపెట్టేవారు. గంటకు అరవై నిమిషాలు, నిమిషానికి అరవై సెకన్లు అన్న లెక్క వాళ్ల దగ్గర పుట్టి, బాబిలోనియా మీదుగా, గ్రీకు జ్యోతిశ్శాస్త్రజ్ఞుల మీదుగా మన గడియారాల్లోకి వచ్చింది. అరవై అరవైలు 3,600. దాన్ని వాళ్లు షర్ అన్నారు. ఈ కొలతతో చూస్తే అలులిమ్ ఏలింది 8 షర్లు, అలల్‌గర్ 10, ఎన్‌మెన్‌లుఅన 12. ప్రళయానికి ముందున్న మొత్తం కాలం సరిగ్గా 67 షర్లు. అంటే ఎవరో ఏళ్లు లెక్కపెట్టి రాసింది కాదిది. మనుషుల లెక్కకు అందనంత వెనకటి కాలం అని చెప్పడానికి గుండ్రటి అంకెలు ఎంచుకుని రాశారు.

ఇక్కడ మనకు ఆసక్తి కలిగించే మాట ఒకటుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో బెరోసస్ అనే బాబిలోను పూజారి తన దేశ చరిత్రను గ్రీకులో రాశాడు. ఆయన లెక్కలో ప్రళయానికి ముందు పదిమంది రాజులు, 120 షర్లు. అంటే 4,32,000 ఏళ్లు. మన పంచాంగాలు కలియుగానికి చెప్పే పరిమాణమూ సరిగ్గా 4,32,000 ఏళ్లే. ఆ లెక్క ఒక దేశం నుంచి ఇంకో దేశానికి నడిచి వచ్చిందా, పెద్ద పెద్ద కాలాల్ని లెక్కకట్టే ఎవరికైనా సహజంగా తగిలే సంఖ్యేనా అని పండితులు చాలాకాలంగా చర్చించుకుంటున్నారు.

అయితే అంకెలు ఊహ అయినంత మాత్రాన అంతా ఊహే అనుకోకూడదు. ఎరిదు సంగతే చూడండి. 1946 నుంచి 1949 దాకా ఇరాక్ పురావస్తు శాఖ తరఫున ఫువాద్ సఫర్, సీటన్ లాయిడ్ అక్కడ తవ్వకాలు జరిపారు. ఒక గుడి కింద ఇంకో గుడి, దాని కింద మరో గుడి. తవ్వేకొద్దీ చిన్నవవుతూ పోయాయి. అన్నిటికన్నా అడుగున దొరికింది మూడు మీటర్లు కూడా దాటని మట్టి ఇటుకల గది. దాని వయసు సుమారు ఏడు వేల ఏళ్లు. పై పొరల్లోని ఒక గుడిలో చేప ఎముకలు కుప్పలుగా కనిపించాయి. మంచినీటి దేవుడు ఎంకికి నైవేద్యం పెట్టిన చేపలవి. రాజరికం మొట్టమొదట ఎరిదులో దిగిందని రాసిన లేఖకుడు ఆ అడుగు పొరను ఎన్నడూ చూసి ఉండడు. అయినా ఆ ఊరు అన్నిటికన్నా పాతది అన్న జ్ఞాపకం మాత్రం వేల ఏళ్లు చెక్కు చెదరలేదు.

ప్రళయం తర్వాత రాజరికం మళ్లీ ఆకాశం నుంచి దిగింది. ఈసారి కిష్ నగరానికి. కిష్ రాజుల్లో అందరికన్నా కథలు ఎక్కువున్నవాడు ఎతన. జాబితా అతని పేరు పక్కన కొద్ది ముక్కలే రాసింది. గొర్రెల కాపరి, ఆకాశానికి ఎక్కినవాడు అని. ఎందుకు ఎక్కాడో అక్కడి పురాణ కథ చెబుతుంది.

ఒక చెట్టు కొమ్మల్లో గద్ద, మొదట్లో పాము కాపురం ఉంటాయి. సూర్యదేవుడు షమష్ ఎదుట స్నేహం చేస్తామని ఒట్టు పెట్టుకుంటాయి. కొన్నాళ్లకు గద్ద ఒట్టు తప్పి పాము పిల్లల్ని తినేస్తుంది. పాము ఏడుస్తూ షమష్ దగ్గరికి పోతుంది. ఆయన సలహా మీద చచ్చిన ఎద్దు కడుపులో దాక్కుంటుంది. మాంసం కోసం వచ్చిన గద్దను పట్టుకుని, ఈకలు పీకి, గోతిలో పడేస్తుంది. మరోవైపు ఎతనకు పిల్లలు లేరు. సంతానం ఇచ్చే మొక్క ఆకాశంలో ఉంది. దాని కోసం రోజూ షమష్‌ను వేడుకుంటాడు. ఆ గోతి దగ్గరికి వెళ్లమని షమష్ దారి చూపిస్తాడు. ఎతన గద్దకు తిండి పెట్టి, సేదతీర్చి, మళ్లీ ఎగరగలిగేలా చేస్తాడు. ఆ రుణం తీర్చుకోవడానికి గద్ద అతన్ని వీపున ఎక్కించుకుని పైకి లేస్తుంది. ఎగిరేకొద్దీ నేలా, సముద్రమూ ఎలా చిన్నబోయాయో కథ మెట్టు మెట్టుగా వర్ణిస్తుంది. ఒకచోట ఎతనకు భయం పట్టుకుని దింపెయ్యమంటాడు. చివరి పలకలు విరిగిపోవడంతో కథ పూర్తిగా మన చేతికి రాలేదు. కానీ రాజుల జాబితాలో ఎతన తర్వాత ఏలినవాడి పేరు బలిహ్. ఎతన కొడుకు! కోరిక తీరిందన్న మాట.

ఈ కథ రాజసభల్లో మాత్రమే తిరిగింది కాదు. సుమారు 4,300 ఏళ్ల నాటి రాతి ముద్రల మీద ఈ దృశ్యం చెక్కి ఉంది. అవి వేలెడంత రాళ్లు. మెత్తటి మట్టి మీద దొర్లిస్తే బొమ్మ పడుతుంది. పైన గద్ద మీద కూర్చున్న మనిషి, కింద తలలెత్తి చూస్తున్న కాపరులు, కుక్కలు, గొర్రెల మంద.

కిష్ తొలి వంశంలో చివరివాళ్లు ఎన్‌మెబరగెసి, అతని కొడుకు అగ. తండ్రికి జాబితా ఇచ్చింది 900 ఏళ్లు, కొడుక్కి 625. ఇదీ కల్పనే అనుకుంటున్న రోజుల్లో, 1959లో జర్మన్ పండితుడు డీట్జ్ ఒట్టో ఎడ్జార్డ్ ఒక రాతి పాత్ర ముక్కను చదివాడు. దాని మీద ఉన్నది కిష్ రాజు మెబరగెసి పేరు. సుమారు 4,600 ఏళ్ల కిందట, ఆ రాజు బతికున్న కాలంలోనే చెక్కిన అక్షరాలవి. జాబితాలో వరుసగా వెతుకుతూ వస్తే, తన కాలపు రాతలోనే పేరు దొరికిన మొట్టమొదటి రాజు ఇతనే. 900 ఏళ్లు ఏలాడన్నది పురాణం. ఉన్నాడన్నది చరిత్ర. ఆ రెండూ కలిసే చోటు ఆ చిన్న పెంకు.

ఇక ఉరుక్ నగరం. ఇప్పటి పేరు వర్కా. సుమేరు వీరగాథలన్నిటికీ పుట్టిల్లు ఇదే. ఇక్కడి రాజు ఎన్మెర్కార్ 420 ఏళ్లు ఏలాడట. ఏడు కొండల అవతలున్న అరట్టా అనే సంపన్న దేశపు ప్రభువుతో అతనికి పంతం. బంగారం, వెండి, నీలి రంగు రాజావర్తం రాళ్లు పంపమని దూతను పంపుతాడు. దూత పోతూ వస్తూ ఉంటాడు. కబురు మీద కబురు పెరుగుతుంది. చివరికి కబురు ఎంత పొడుగైందంటే దూత దాన్ని నోట పట్టలేకపోయాడు. అప్పుడు ఎన్మెర్కార్ మట్టి ముద్ద తీసుకుని, అరచేత్తో చదును చేసి, మాటల్ని దాని మీద పెట్టాడు. రాత అలా పుట్టిందని వాళ్ల నమ్మకం. ఆశ్చర్యమేమిటంటే, ఇప్పటిదాకా దొరికిన అతి పాత రాత పలకలు నిజంగానే ఉరుక్‌వే. వయసు 5,000 ఏళ్ల పైచిలుకు. వాటిలో ఉన్నవి మాత్రం రాజుల సందేశాలు కావు. బార్లీ ఎంత, గొర్రెలెన్ని అన్న గుడి గిడ్డంగుల లెక్కలు. పురాణం కారణాన్ని వేరేగా చెప్పింది కానీ ఊరు పేరు తప్పు చెప్పలేదు.

ఎన్మెర్కార్ సైన్యంలో లుగల్‌బంద అనే కుర్రవాడు ఉన్నాడు. దండయాత్ర దారిలో జబ్బుపడితే అన్నలు అతన్ని కొండ గుహలో వదిలేసి వెళ్లిపోతారు. ఒంటరిగా కోలుకున్న లుగల్‌బంద సింహం తల ఉన్న మహాపక్షి అంజు గూటికి చేరుకుంటాడు. తల్లీ తండ్రీ లేని వేళ చూసి పిల్లకు కమ్మటి తిండి పెడతాడు. కళ్లకు కాటుక దిద్దుతాడు. తలకు దేవదారు చిగుళ్లు చుడతాడు. తిరిగొచ్చిన పక్షి పొంగిపోయి ఏం కావాలో కోరుకోమంటుంది. ధనం వద్దు, గెలుపులు వద్దు, అలసిపోని కాళ్లు చాలు అంటాడు. తనను వదిలేసిన వాళ్లను చేరుకుని, వాళ్ల పనికే రావడానికి ఆ కాళ్లు. సుమేరు కవి ఊహించిన వీరుడి బలం పక్షి పిల్లను ముద్దు చేయడంలో మొదలవుతుంది. నాకు ఈ కథ ఎంత ఇష్టమో చెప్పలేను.

ఉరుక్ రాజుగా జాబితాలో లుగల్‌బందకు 1,200 ఏళ్లు. అదే ఊరిని ఏలిన గిల్గమేష్‌కు 126. ప్రపంచమంతా తెలిసిన పేరు గిల్గమేష్‌దే. 1872లో జార్జ్ స్మిత్ బ్రిటిష్ మ్యూజియంలో నినెవె నగరపు పలకలు చదువుతూ గిల్గమేష్ మహాకావ్యంలోని జలప్రళయ కథ కనుక్కున్నప్పటి నుంచి అతని కీర్తి ఆగలేదు. ఆ మహాకావ్యానికి ఎంతో ముందే సుమేరు భాషలో అతని మీద చిన్న చిన్న కావ్యాలున్నాయి. వాటిలో ఒకటి అగతో పోరు. కిష్ రాజు అగ తనకు లొంగమని ఉరుక్‌కు దూతల్ని పంపుతాడు. గిల్గమేష్ ముందు ఊరి పెద్దల్ని అడుగుతాడు. లొంగిపోదామంటారు. తర్వాత పడుచువాళ్ల సభను అడుగుతాడు. పోరాడదామంటారు. యుద్ధంలో అగ బందీ అవుతాడు. ఒకప్పుడు తనకు ఆశ్రయమిచ్చాడన్న కృతజ్ఞతతో గిల్గమేష్ అతన్ని వదిలేస్తాడు. రాజు యుద్ధానికి ముందు రెండు సభల్ని అడగడం, గెలిచాక పాత మేలు మరవకపోవడం, ఈ రెండూ వాళ్లు రాజులో చూడాలనుకున్న గుణాలు.

గిల్గమేష్ తర్వాత అంకెలు ఒక్కసారిగా నేల మీదికి దిగుతాయి. అతని కొడుకు 30 ఏళ్లు, మనవడు 15, ఆ తర్వాతి వాళ్లు 9, 8, 36, 6, 36. మనుషుల ఆయుష్షులే.

ఇప్పుడు ఈ జాబితాలో నన్ను అన్నిటికన్నా కదిలించే సంగతి చెబుతాను. కొన్ని పేర్ల పక్కన లేఖకుడు వాళ్లు చేసే పని రాశాడు. దుముజి, ఎతన గొర్రెల కాపరులు. దుముజి అనే పేరుతోనే ఉరుక్‌లో ఇంకొక రాజు, చేపలు పట్టేవాడు. కిష్‌లో ఏలిన సుసుద బట్టలు ఉతికేవాడు. మమగల్ పడవవాడు. ఉరుక్‌లో మెష్‌హె కమ్మరి. మారి నగరంలో బజి తోలుపని చేసేవాడు. అందరి మధ్యా ఒకే ఒక్క ఆడమనిషి, కిష్ రాణి కుబాబ. ఆమె కల్లు అంగడి నడిపేది. కిష్ పునాదుల్ని గట్టి చేసిన మనిషి అని జాబితా ఆమెను ప్రత్యేకంగా గౌరవించింది. 100 ఏళ్ల పాలన ఇచ్చింది. ఆమె మనవడు ఉర్‌జబాబ దగ్గర పానపాత్ర అందించే కొలువులో ఉన్నవాడే సర్గోన్. తోటమాలి ఇంట పెరిగిన ఆ మనిషి అక్కాద్ రాజై, మెసొపొటేమియాను ఒక్క గొడుగు కిందికి తెచ్చాడు. మెలుహ్హ నుంచి వచ్చిన ఓడలు తన రేవులో లంగరు వేశాయని తన శాసనంలో చెప్పుకున్నాడు. మెలుహ్హ అంటే మన సింధు లోయ నాగరికత ప్రాంతమే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

ఆకాశం నుంచి దిగిన రాజరికం అంటూ మొదలుపెట్టిన జాబితా, కమ్మరిని, పడవవాణ్ణి, కల్లు అమ్మే ఆమెను ఏమీ దాచకుండా అందులో కూర్చోబెట్టింది. వాళ్ల పనిని తక్కువ చేస్తూ ఒక్క మాట కూడా అనలేదు. ఎన్నో దేశాల్లో రాజవంశాలు తమ మూలాల్ని సూర్యచంద్రులతో కలుపుకున్నాయి. కొలిమి దగ్గరి నుంచి, రేవు దగ్గరి నుంచి కూడా రాజు రావచ్చునని అంత పాతకాలంలో రాసి ఉంచిన పత్రం ఇది.

అలాగని ఇది అమాయకపు రాత కాదు. దీని వెనక రాజకీయం ఉంది. జాబితా ప్రకారం రాజరికం ఒకే కాలంలో ఒకే ఊళ్లో ఉంటుంది. ఒక ఊరు యుద్ధంలో ఓడితే అది ఇంకో ఊరికి పోతుంది. నిజానికి అలా లేదు. ఎన్నో నగరాల రాజులు ఏకకాలంలో ఏలారు. ఆ సంగతి జాబితానే బయటపెడుతుంది. దాని లెక్కన అగ పాలన ముగిశాక గిల్గమేష్ గద్దె ఎక్కడానికి మధ్య రెండు వేల ఏళ్లు దాటాలి. కావ్యంలోనేమో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పోరాడారు. పక్కపక్కన నడిచిన వంశాల్ని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టారన్న మాట.

ఇది ఎవరికి కావాల్సి వచ్చింది? దేశమంతా మాదే అనుకున్న వాళ్లకు. మనకు తెలిసిన ప్రతుల్లో అతి పాతది ఉర్ నగర రాజు షుల్గి కాలానిది. అంటే సుమారు 4,100 ఏళ్ల కిందటిది. 2003లో ప్యోత్ర్ స్టైన్‌కెల్లర్ దాన్ని ప్రచురించాడు. అందులో ప్రళయమూ లేదు, ప్రళయానికి ముందు రాజులూ లేరు. రాజరికం నేరుగా కిష్‌లో దిగుతుంది. ఎరిదు నుంచి మొదలయ్యే ఆ మహాకాలం తర్వాతి తరాలు ముందు అతికించిన భాగం. ఆ షుల్గియే తాను లుగల్‌బందకు, దేవత నిన్సున్‌కు కొడుకునని, గిల్గమేష్‌కు తమ్ముణ్ణని స్తోత్రాలు రాయించుకున్నాడు.

జాబితాలో లేనివాళ్ల సంగతి కూడా చూడాలి. లగాష్ నగర రాజుల ఊసే లేదు. శత్రువుల శవాల మీద రాబందులు వాలిన శిల్పం చెక్కించిన ఎఅన్నాతుమ్ లగాష్ రాజు. నల్లరాతి విగ్రహాల్లో చేతులు కట్టుకుని కూర్చున్న గుదెయా లగాష్ పాలకుడే. వాళ్ల గుర్తులు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. ఈ అన్యాయానికి జవాబుగా కాబోలు, లగాష్ పేరుతో వేరే జాబితా ఒకటి పుట్టింది. తమ పాలకులకూ వందలు, వేల ఏళ్లు రాసుకున్నారు అందులో. అసలు జాబితాను వెక్కిరించడానికే అది రాశారని కొందరు పండితుల మాట.

అయినా ఈ జాబితా రాసిన లేఖకుల్ని నేను గౌరవిస్తాను. ఏలేవాళ్ల కోసం రాస్తూనే వాళ్లు ఒక నిజాన్ని దాచకుండా ఉంచారు. ప్రతి వంశం చివరా ఒకే మాట. ఆ ఊరు ఓడింది, రాజరికం వేరే ఊరికి వెళ్లింది. సర్గోన్ కట్టిన అక్కాద్ కూలినప్పుడు రాజెవరో, రాజు కానిదెవరో తెలియని పరిస్థితి వచ్చిందని రాసి, మూడేళ్లలో నలుగురు గద్దెనెక్కిన లెక్క చెప్పారు. అంత పెద్ద సామ్రాజ్యానికీ మినహాయింపు ఇవ్వలేదు.

ఆక్స్‌ఫర్డ్ దిమ్మ మీద చివరి పేరు ఇసిన్ నగర రాజు సిన్‌మాగిర్‌ది. 11 ఏళ్లు. రాజరికం తమ దగ్గరికి న్యాయంగా చేరిందని చూపించుకోవడానికి ఇసిన్ రాజులకు ఈ జాబితా పనికొచ్చింది. కొన్ని దశాబ్దాలు గడిచాయో లేదో, లార్సా రాజు రిమ్‌సిన్ ఇసిన్‌ను పట్టుకున్నాడు. ఆ లార్సాను బాబిలోను రాజు హమ్మురాబి పట్టుకున్నాడు.

అధికారం ఏ ఊరికీ, ఏ ఇంటికీ సొంతం కాదు. అది వస్తుంది, ఉంటుంది, పోతుంది. 43,200 ఏళ్లు ఏలినవాడి పేరు పక్కన రాయడానికి ఒక్క మంచి పని కూడా మిగల్లేదు. కుబాబ పేరు పక్కన మాత్రం ఆమె పనీ మిగిలింది, ఊరికి ఆమె చేసిన మేలూ మిగిలింది. పాలకుల్ని తూచడానికి ఇంతకన్నా మంచి కొలత నాకు కనిపించదు. సుమేరు లేఖకులు ఆ కొలతను మన చేతిలో పెట్టి వెళ్లారు. దాన్ని వాడుకోవడం మన పని.